మిషన్ చెప్పిందే ఫైనలా? కొత్త టెక్నాలజీ, అధికారం, అడిగే హక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, గద్వాల. ఈ జిల్లాల్లో రైతులు, కూలీలు, డిగ్రీ చదివే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టాం. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే విషయం అంత ఉంది.

టెక్నాలజీ వస్తే పని జల్దీ అయితది కదా. మధ్యల ఈ అధికారం మాట ఎందుకు?

పని తొందరగా అవుతుంది, నిజమే. ఒకప్పుడు పహాణీ (భూమి, సాగు వివరాలు రాసే రికార్డు) నకలు కోసం రోజుల తరబడి తిరిగేవాళ్లు. ఇప్పుడు మీసేవలో కూర్చున్నచోటే వస్తోంది. దాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. మా బాధ వేరే చోట ఉంది. ఆ మిషన్ తప్పు చేస్తే ఎవరిని అడగాలి? ఎక్కడికి పోయి అడగాలి? ఎన్ని రోజుల్లో జవాబు రావాలి? ఈ మూడింటికీ సమాధానం ఉన్నంతకాలం టెక్నాలజీ మన పనిముట్టు. అవి లేనిరోజు మనమే దాని కింద ఉంటాం.

అధికారం ఒకచోట పోగుపడటానికి కారణాలు చాలా మామూలువి. పెద్ద వ్యవస్థ కట్టాలంటే కోట్ల రూపాయలు కావాలి కాబట్టి కట్టగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఊరంతా ఒకే యాప్ వాడుతుంటే మనమొక్కరం బయటికి రాలేం. వాడేకొద్దీ మన వివరాలన్నీ వాళ్ల దగ్గర చేరతాయి, ఆ వివరాలతో వాళ్లు ఇంకా బలపడతారు. దీంట్లో ఎవరి కుట్రా ఉండాల్సిన పని లేదు. ఎవరూ అడ్డం పడకపోతే అటువైపే పోతుంది, అంతే.

ఇది ఇప్పుడు కంప్యూటర్లతో వచ్చిన కష్టమేనా?

కాదు. మన ప్రాంతానికి ఇది బాగా తెలిసిన కథ. 19వ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యంలో భూములు కొలిచి, సర్వే నంబర్లు వేసి, పుస్తకాల్లో ఎక్కించడం మొదలైంది. అప్పటికి అదే కొత్త టెక్నాలజీ. ఆ పుస్తకాలు రాసే పట్వారీలు దేశ్‌ముఖుల చెప్పుచేతల్లో ఉన్నారు. తరాలుగా దున్నుకుంటున్న రైతుకు తెలియకుండానే భూమి దొర పేరు మీద ఎక్కింది. రాసింది మొదట పారశీకంలో, తర్వాత ఉర్దూలో. చదివి చెప్పేవాడు మళ్లీ ఆ పట్వారీయే.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా జనం గడీల మీదికి పోయినప్పుడు అప్పు పత్రాలు, రికార్డులు తగలబెట్టారు. తమ మీద పెత్తనం ఎక్కడ దాచి ఉందో వాళ్లకు సరిగ్గా తెలుసు. వంశపారంపర్యంగా వచ్చిన పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది 1984లో. అంటే పుస్తకం ఒకరి చేతిలో ఉండిపోతే దాన్ని విడిపించడానికి వందేళ్లు పట్టింది. ఈసారి అంతకాలం ఆగలేం.

ధరణితో అసలు జరిగింది ఏంది? కంప్యూటర్ తప్పా, ఆఫీసర్ల తప్పా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. రెండూ కాదు. కట్టిన పద్ధతి తప్పు.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన అని మూడు నెలల్లో రాష్ట్రమంతా రికార్డులు సవరించారు. ఆ తొందరలో పేర్లు తప్పుపడ్డాయి, విస్తీర్ణం తగ్గింది. కొన్ని సర్వే నంబర్లు వివాదం ఉందని పార్ట్-బిలో పడేశారు. 2020 సెప్టెంబర్‌లో ఊరి రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దుచేశారు, భూ హక్కుల రికార్డుకు కొత్త ఆర్వోఆర్ చట్టం తెచ్చారు. అక్టోబర్ 29న భూ రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి పోర్టల్ మొదలైంది. 2017 నాటి తప్పులన్నీ అట్లాగే పోర్టల్‌లోకి ఎక్కాయి. కబ్జాలో ఎవరున్నారో చెప్పే అనుభవదారు కాలమ్ తీసేశారు.

మరి తప్పు దిద్దేది ఎవరు? ఊళ్లో వీఆర్వో లేడు. తాసీల్దారుకు అధికారం లేదు. ఆర్డీవో దగ్గర అప్పీలుకు దారి లేదు. ఏ తప్పుకు ఏ మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టాలో వెతుక్కుని మీసేవలో ఫీజు కట్టి పంపితే అది కలెక్టర్ లాగిన్‌కు పోయేది. జిల్లా మొత్తం దరఖాస్తులు ఒక్క లాగిన్‌లో. అక్కడ 'రిజెక్టెడ్' అని వస్తే కారణం ఒక్క లైను కూడా ఉండేది కాదు చాలాసార్లు. అప్పుడు సివిల్ కోర్టుకు పొమ్మనేవాళ్లు. రెండెకరాల రైతు కోర్టు ఖర్చు ఎక్కడినుంచి తెస్తాడు?

మీసేవ కౌంటర్ ముందు ఈ దృశ్యం మామూలైపోయింది. పాత పాస్‌బుక్కు, శిస్తు రసీదులు, తండ్రి పేరున్న పహాణీ నకళ్లు పాలిథిన్ కవర్లోంచి తీసి ఒక పెద్దాయన బల్ల మీద పరుస్తాడు. ఆపరేటర్ సర్వే నంబర్ కొడతాడు. స్క్రీన్ మీద నిషేధిత జాబితా అని వస్తుంది. ఆ సర్వే నంబర్లో ఎక్కడో కొన్ని గుంటలు ప్రభుత్వ భూమి ఉన్నందుకు మొత్తం నంబరే 22-ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో పడింది. "తాతా, సిస్టం తీసుకుంటలేదు" అంటాడు ఆపరేటర్. అతని తప్పు లేదు, అతని చేతిలోనూ ఏమీ లేదు. ఆ పెద్దాయన కాగితాలన్నీ మళ్లీ సర్దుకుంటాడు. అమ్ముకోలేడు, బ్యాంకు లోను రాదు, బిడ్డ పెళ్లికి అక్కరకు రాదు.

పట్వారీ రోజుల్లో కనీసం తప్పు రాసిందెవరో తెలిసేది. ఇక్కడ అది కూడా తెలియకుండా పోయింది.

మరి భూభారతి వచ్చింది కదా. ఇంకేం టెన్షన్?

వచ్చింది, అది మంచి మార్పే. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమలవుతోంది. అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరిచారు. కింది స్థాయి అధికారులకు కొన్ని అధికారాలు తిరిగి ఇచ్చారు. ముందుగా ప్రయోగంగా తీసుకున్న నాలుగు మండలాల్లో మన నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ తర్వాత ఊళ్లల్లోనే రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. పోర్టల్ నిర్వహణ కూడా ప్రైవేటు సంస్థ చేతినుంచి ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి మారింది.

ఇదంతా ఊరికే రాలేదని గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి కలెక్టరేట్ల ముందు, ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి సోమవారాల్లో జనం నిలబడ్డారు. రైతు సంఘాలు, భూచట్టాలు తెలిసిన లాయర్లు ఊరూరా తిరిగి కేసులు రాసుకున్నారు. చివరికి అది ఎన్నికల ప్రశ్న అయింది. ఒక సాఫ్ట్‌వేర్ గురించి ఎన్నికల్లో ఓట్లు అడగడం అంతకుముందు మనం చూడలేదు. అడిగితే మారుతుంది అనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు లేదు.

అట్లని సదస్సులో దరఖాస్తు ఇచ్చి ఇంట్లో కూర్చోవద్దు. రసీదు నంబర్ దాచుకోండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కారణం చేతికి రాకపోతే అప్పీలు హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మా రేషన్ కార్డు కంప్యూటరే తీసేసింది అన్నరు. కంప్యూటర్ ఎట్ల తీసేస్తది?

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అని ఒక వ్యవస్థ ఉంది. వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు, ఆస్తిపన్ను, ఇట్లాంటి వేర్వేరు శాఖల వివరాలన్నీ కలిపి ఒక మనిషి ఎవరో, అతనికి ఏమేం ఉన్నాయో అంచనా వేస్తుంది. పేరు, అడ్రసు దగ్గరగా ఉంటే ఇద్దరినీ ఒకరే అనుకునే ప్రమాదం ఉంది. మన దగ్గర ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమంది? హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషికి కారు ఉందని చూపించి ఆ కుటుంబానికి రేషన్ రాకుండా పోయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది.

రాష్ట్రం ఏర్పడిన తర్వాతి కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. ఒక సామాజిక కార్యకర్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022లో ఆ కార్డులన్నీ మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని ఆదేశించింది. కంప్యూటర్ చెప్పినా మనిషి పోయి చూడాల్సిందే అని ఆ ఆదేశం అర్థం. అప్పటికే ఎన్ని ఇళ్లు ఎన్ని నెలల బియ్యం పోగొట్టుకున్నాయో ఆలోచించండి.

మీ కార్డు పోతే ముందు అడగాల్సింది "కార్డు మళ్లీ ఇవ్వండి" అని కాదు, "ఏ కారణంతో తీసేశారు, ఏ రికార్డు చూసి?" అని. కారణం తెలిస్తే తప్పని రుజువు చెయ్యొచ్చు. తెలియకపోతే ఆఫీసు చుట్టూ తిరగడమే మిగులుతుంది.

వేలిముద్ర పడకపోతే బియ్యం ఇయ్యరా?

ఇవ్వాలి. మట్టి పని, రాళ్ల పని చేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి, వయసు మీదపడితే ఇంకా కష్టం. వేలిముద్ర పడలేదని, ఆధార్ లింకు కాలేదని ఎవరికీ రేషన్ ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబర్ 24న రాష్ట్రాలకు లేఖ రాసింది. మన షాపుల్లో కంటిపాపతో చూసే మిషన్లు కూడా ఉన్నాయి. డీలర్ కాదంటే మండలంలో పౌరసరఫరాల అధికారికి కాగితం మీద రాసివ్వండి. ప్రభుత్వం వరమిచ్చినా మిషన్ పూజారి కాకూడదు.

ఉపాధి పనిలో ఫొటో హాజరు పెట్టింది దొంగ మస్టర్లు ఆపడానికే కదా. తప్పేముంది?

దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు ఆపాలి. దాంట్లో రెండో మాట లేదు. పని ప్రదేశంలో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలనే నియమం 2023 జనవరి 1 నుంచి అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక, సర్వర్ పనిచేయక ఆ రోజు హాజరు పడకుండా పోయే ప్రమాదం ఉంది. చెరువు కట్ట మీద పొద్దున్నే మట్టి తవ్విన మనిషి, నీడ కూడా లేని చోట రెండో ఫొటో కోసం ఆగాలి. పని ముగిసినా ఆగాలి.

దొంగలు ఆగారా? ఫొటోకు ఫొటో తీసి, సంబంధం లేని బొమ్మలు పెట్టి యాప్‌ను మోసం చేస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ ఇచ్చింది, ఫొటోలను మనుషులతో తనిఖీ చేయించమంది. మోసం చేయదలిచినవాడు దారి వెతుక్కున్నాడు. నిజంగా పనిచేసిన కూలీ కూలి పోగొట్టుకుంది.

దొంగ లెక్కలు ఆపిన పద్ధతి అంతకుముందే మన దగ్గర ఉంది. అది యాప్ కాదు, సామాజిక తనిఖీ. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో అదే ఏడాది సామాజిక తనిఖీ మొదలైంది. చదువుకున్న కూలీల పిల్లలకు శిక్షణ ఇచ్చి, ఆఫీసు రికార్డు చేతిలో పెట్టి ఇంటింటికీ పంపారు. "అమ్మా, నువ్వు ఈ వారం ఆరు రోజులు పనిచేసినట్టు ఉంది. నిజమేనా? పైసలు ముట్టినయా?" అని అడిగి రాసుకున్నారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే చదివి వినిపించారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల మీద డ్రా చేసిన డబ్బు, తవ్వని గుంతలు, అన్నీ బయటపడ్డాయి. ఆ తనిఖీలో రికార్డు పైనుంచి కిందికి వచ్చేది, కూలీ దాన్ని ప్రశ్నించేది. ఫొటో యాప్‌లో కూలీ వివరం పైకి పోతుంది, కిందికి ఏమీ రాదు.

2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. దాంట్లో బయోమెట్రిక్, ఏఐతో అక్రమాలు పట్టే ఏర్పాట్ల ప్రస్తావన ఉంది. సామాజిక తనిఖీ కూడా ఉంది. ఊళ్లు పట్టుబట్టాల్సింది ఈ రెండోదాని కోసం.

పత్తి విత్తనాలకూ ఈ విషయానికీ సంబంధం ఏముంది?

చాలా ఉంది. టెక్నాలజీ అంటే ఫోన్లే కాదు. 450 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్టులో కూడా ఉంటుంది.

2002లో బీటీ పత్తికి, అంటే కాయతొలుచు పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన పత్తికి అనుమతి వచ్చింది. ఆ జన్యువు మహికో మోన్‌శాంటో అనే ఒక్క కంపెనీ చేతిలో ఉంది. మిగతా కంపెనీలన్నీ దాని దగ్గర లైసెన్సు తీసుకుని విత్తనం అమ్మాలి. ఒక్క ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది, దాంట్లో 1,250 దాకా ఆ జన్యువు వాడుకున్నందుకు కట్టే రాయల్టీయే. పురుగుమందు ఖర్చు తగ్గుతుందన్న ఆశతో రైతులు అప్పుచేసి కొన్నారు.

అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీసీ ముందు కేసు వేసింది. రైతు సంఘాలు వెంటపడితే వేసిన కేసు అది. రాయల్టీ తగ్గించమని కమిషన్ ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధర 750 రూపాయలకు కట్టడి చేసింది. మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయించే చట్టం కూడా ఇక్కడే వచ్చింది. 2015 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో రెండు జన్యువుల బీటీ ప్యాకెట్ 800 రూపాయలు, అందులో రాయల్టీ 49 రూపాయలు మాత్రమే. పన్నెండు వందల యాభై ఎక్కడ, నలభై తొమ్మిది ఎక్కడ!

కంపెనీ మారలేదు. మధ్యలో ప్రభుత్వం నిలబడింది, అంతే తేడా. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకుని తిరిగొచ్చింది, ఆ టెక్నాలజీ బలమే తగ్గిపోయింది. కానీ ధర విషయంలో మనవాళ్లు సాధించింది దేశానికి దారి చూపింది. దాన్ని మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ, అది బాధగా ఉంటుంది.

గద్వాలలో సీడ్ పత్తి రైతుల గొడవ కూడా ఇదేనా?

అవును, ఇంకా లోపలి పొర. గద్వాల, అయిజ, మల్దకల్ ప్రాంతాల్లో కంపెనీల కోసం విత్తన పత్తి పండిస్తారు. పొద్దుగూకే ముందు రేపు పూసే మొగ్గను పట్టుకుని పైరేకులు, కేసరాలు గోటితో ఒలిచేస్తారు. తెల్లారాక మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దుతారు. క్రాసింగ్ అంటారు. ఇట్లా ఒక్కో పువ్వుకు, రోజూ, రెండు మూడు నెలలు. వంగిన నడుము లేవని పని. బడికి పోవాల్సిన ఆడపిల్లలతో చేయించారని చాలా ఏళ్లు గొడవలు జరిగాయి.

మగ, ఆడ విత్తనం కంపెనీది. అడ్వాన్సు ఇచ్చేది కంపెనీకీ రైతుకూ మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజరు. పంట తీసుకున్నాక జీఓటీ పరీక్ష చేస్తారు, అంటే శాంపిల్ విత్తనాలు నాటి కల్తీ ఉందా లేదా చూస్తారు. ఫలితం వచ్చేదాకా డబ్బు పూర్తిగా రాదు. 'ఫెయిల్' అంటే పంట పోయినట్టే, వేరేవాళ్లకు అమ్ముకోలేడు. పరీక్ష చేసేది కొనేవాడే. రైతు తరఫున చూసేవాడు ఎవరూ లేరు. అందుకే ఆ రైతుల డిమాండ్లలో నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించేది ఒకటి: పరీక్ష ప్రభుత్వ ల్యాబ్‌లో, రైతు సమక్షంలో తీసిన శాంపిల్‌తో జరగాలి. డబ్బు పెంచమనే డిమాండ్ కన్నా అది పెద్దది.

మామూలు రైతులకు ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మీ పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. కొన్న విత్తనం చెప్పినట్టు పండకపోతే నష్టపరిహారం అడగొచ్చు. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పారెయ్యకండి.

ఫోన్‌పే, గూగుల్‌పే ఫ్రీ కదా, వాటితో ఏం నష్టం?

ఈరోజు నష్టం లేదు. కానీ దేశంలో యూపీఐ లావాదేవీల్లో 80 శాతానికి పైగా ఈ రెండు యాప్‌ల ద్వారానే నడుస్తున్నాయి. ఒక్క యాప్‌కు 30 శాతం మించి ఉండొద్దని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది, ఆ గడువు జరుపుతూ 2026 చివరికి తెచ్చింది. అసలు రోడ్డు మాత్రం ప్రభుత్వ రంగ బ్యాంకులు సహా బ్యాంకులన్నీ కలిసి వేసుకున్నది కాబట్టి మీరు బ్యాంకు యాప్‌కో భీమ్‌కో మారితే ఏమీ ఆగదు. అప్పు యాప్‌లు వేరే సంగతి. కాంటాక్టులు తీసుకుని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీశారు, 2020లో హైదరాబాద్‌లో ప్రాణాలు పోయాయి. 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు. అడిగితే ఆ యాప్ తీసెయ్యండి.

హైదరాబాద్‌లో డెలివరీ చేసే మావోడి ఐడీ బ్లాక్ అయింది. ఎవరినడగాలి?

అడగడానికి ఆఫీసే ఉండదు, చాట్‌లో మెసేజి తప్ప. మన జిల్లాల నుంచి పోయిన పిల్లలు వేలల్లో ఈ పనిలో ఉన్నారు. ఒంటరిగా పోరాడొద్దు, యూనియన్లు ఉన్నాయి. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులకు రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టం చేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో ముసాయిదా బయటపెట్టింది. పనిలోంచి తీసేసే ముందు కారణం చెప్పాలని కర్ణాటక చట్టంలో ఉంది. మనం పట్టుబట్టాల్సింది దాని కోసమే.

ఏఐ మన దాకా వచ్చిందా? డేటా సెంటర్లు వస్తే పిల్లలకు కొలువులు వస్తయా?

వచ్చింది, మీ ఇంటి పక్కకే వచ్చింది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ వైపు మేకగూడ దగ్గర మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ కోసం, అంటే ఏఐ, ఇంటర్నెట్ సేవలు నడిపే కంప్యూటర్లు పెట్టే షెడ్ల కోసం భూమి కొన్నది. 15 ఏళ్లలో 15 వేల కోట్ల పెట్టుబడి అని 2022లో ప్రకటన వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో అమెజాన్ తన హైదరాబాద్ డేటా సెంటర్లు మొదలుపెట్టింది. ఇట్లాంటి కంప్యూటర్లను అద్దెకిచ్చే ప్రపంచ క్లౌడ్ వ్యాపారంలో సగానికి పైగా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ చేతిలో ఉంది. ఏఐకి కావాల్సిన చిప్‌లలో ఎక్కువ భాగం ఎన్విడియావి. ఇంత తక్కువమంది చేతిలో ఇంత పెద్ద వ్యవస్థ గతంలో అరుదు.

కొలువుల సంగతి నిజం చెప్పాలి. కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక ఎకరాల కొద్దీ షెడ్లలో మిషన్లే ఉంటాయి, మనుషులు తక్కువ. కరెంటు రాత్రింబగళ్లు కావాలి, చల్లబరచడానికి నీళ్లూ కావాలి. పాలమూరు వంటి కరువు నేల మీద ఇది చిన్న విషయం కాదు. డేటా సెంటర్లను భవన నిర్మాణాల కింద లెక్కగట్టడంతో, 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ కూడా తప్పనిసరి కాదు. అందుకని ఊరివాళ్లు, పంచాయతీ అడగాల్సింది సూటిగా రెండు: రోజుకు ఎన్ని నీళ్లు, ఎక్కడినుంచి? ఆ లెక్క ప్రతి ఏడాదీ బయటపెడతారా?

అసలు ఊరు వద్దంటే ప్రాజెక్టు ఆగుతదా?

ఆగింది. నాగార్జునసాగర్ నీళ్లకు దగ్గర్లో ఉన్న లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ ప్రతిపాదిస్తే 2003 ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు. తవ్వకం ఈరోజుకీ మొదలవలేదు. 2019లో అమ్రాబాద్ నల్లమలలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు చెంచులు, పల్లెలు, విద్యార్థులు రోడ్డెక్కారు. సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇంటర్నెట్ విషయంలోనూ ఇట్లాంటిదే జరిగింది. ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' పేరుతో కొన్ని సైట్లే ఉచితం అన్నప్పుడు దేశమంతా అంతకుముందే లక్షల ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పంపిన జనం మళ్లీ కదిలారు, 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ అట్లాంటి తేడా ధరలను నిషేధించింది.

అయితే టెక్నాలజీయే వద్దంటరా మీరు?

అనం. మన జిల్లాల్లోనే దానికి మంచి జవాబులున్నాయి.

ఫ్లోరైడ్‌తో నల్లగొండ ఎముకలు వంగిపోయిన రోజుల్లో, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్లు తీసుకోవడమే. దానికి లోపాలు ఉన్నాయి. నీళ్లను బట్టి పటిక మోతాదు మారాలి, అడుగున మడ్డి మిగులుతుంది. తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక అవసరం తగ్గింది. కానీ ఆ పద్ధతికి యజమాని లేడు. కిరాణా కొట్టులో దొరికే సరుకుతో ఒక అమ్మ ఇంట్లో చేసుకోగలిగింది.

ఇంకొకటి ఆసు యంత్రం. పోచంపల్లి, పుట్టపాక చీరలకు దారం ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని చేత్తో ఇటూ అటూ తిప్పాలి, ఒక్క చీరకు వేలసార్లు. ఇది ఆడవాళ్ల పని, భుజాలు పోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఈ బాధ చూసి 1999లో యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మగ్గం ఉన్న ఇంట్లోనే ఉంటుంది. నొప్పి తీసేసింది, పని తీసెయ్యలేదు. అదే పోచంపల్లి డిజైన్‌ను పవర్‌లూమ్ మీద, ప్రింటు మీద అచ్చేసి అమ్మితే నేతగాని బతుకే పోతుంది. కొన్ని రకాలు చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం చేసింది అందుకే.

ఏ కొత్త మిషన్ వచ్చినా ఈ రెండింటి పక్కన పెట్టి చూడండి: ఇంట్లో ఉంటుందా, ఊళ్లో బాగుచేసుకోవచ్చా, వద్దంటే పక్కన పెట్టొచ్చా?

చదువు రానోళ్లం. మేమేం చెయ్యగలం?

సామాజిక తనిఖీలో లేచి మాట్లాడినవాళ్లలో చదువు రాని ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కాబట్టి ఆ మాట వదిలెయ్యండి.

ఏ దరఖాస్తు అయినా ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, ఒక కాపీ కాగితం మీద ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒకే సమస్య ఉన్నవాళ్లు పదిమంది కలిసి ఒకేరోజు ప్రజావాణికి పోండి. ఒక్కరు పోతే మిషన్ తప్పు అంటారు, పదిమంది పోతే మిషన్ కట్టిన పద్ధతే తప్పని తేలుతుంది. గ్రామసభలో కొత్తగా పెట్టే ప్రతి కెమెరాకు, యాప్‌కు ఖర్చెంత, రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నిరోజులు ఉంటుంది అని అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించండి.

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) 2005 నుంచి ఉంది. మన దగ్గర గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. తెలుగులో తెల్లకాగితం మీద రాస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆర్టీఐ పెడితే 'వ్యక్తిగత సమాచారం, ఇవ్వం' అంటున్నరు. ఏం చెయ్యాలి?

2023 నాటి డేటా రక్షణ చట్టం ద్వారా ఆర్టీఐలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చారు. వ్యక్తిగత సమాచారం అనే సాకుతో తిరస్కరించడం ఇప్పుడు సులువైంది. మన వివరాలు కంపెనీల నుంచి కాపాడాల్సిన చట్టం, అధికారుల లెక్కలు దాచడానికి పనికొస్తోంది. ఇది సరికాదు, దీన్ని మార్చమని అడగాల్సిందే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తీర్పు ఇచ్చింది పౌరుడి కోసం, ఫైలు కోసం కాదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. మీ సొంత రికార్డు అడుగుతుంటే "ఇది నా వివరమే" అని దరఖాస్తులోనే రాసి గుర్తింపు కాపీ జతచేయండి. ఊరి లెక్కలు అడుగుతుంటే సెక్షన్ 8(2) పేరు రాయండి, ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతోంది. తిరస్కరణ చేతికి అందిన 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు. తిరస్కరణ లేఖ వచ్చిన కవరు దాచుకోండి, చేతికి అందిన తేదీ దాని మీద రాసుకోండి, గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.